ఒక్క తిప్పుకే అందుకుంది

మడపాం టోల్‌గేటు దాటాక పావుగంట టీకి ఆగి, మళ్లీ లారీ తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది! మిట్టమధ్యాహ్నం ఎండ, వెనకాల టెక్కలి గ్రానైటు రాయి. నిజంగా కళ్లు చెమర్చాయి.

నెల రోజులుగా ఇదే బాధ. నడుస్తున్నంతసేపూ బాగుండేది, ఆపితే లేచేది కాదు. గంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. డీజిల్ ఫిల్టరు మార్చాం, బ్యాటరీ మార్చాం. డబ్బులు దండగ.

మొన్న శ్రీకాకుళంలో మేస్త్రీ, డీజిల్ పంపు పక్కన బిగించిన మాడ్యూల్ (పంపుని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మీద వేలు పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఏటి బావూ, పొయ్యి పక్కన ఫోనెట్టినట్టుంది! బండి ఆపీగానే ఫ్యానాగిపోద్ది, నీళ్లు తిరగవు. ఇంజను ఏడంతా దీనికే ఎక్కీస్తది."

దాన్ని విప్పి ముందు బంపర్ వెనక, గాలి తగిలేచోట పెట్టాడు. కింద రెక్కల అల్యూమినియం దిమ్మ. మధ్యలో తెల్ల పేస్టు, దోసె మీద నెయ్యి రాసినంత పల్చగా. మందంగా పూస్తే వేడి దిమ్మలోకి దిగదట. వైర్లు పొడిగించి, ప్రతి అతుకూ టంకం వేసి గొట్టం తొడిగాడు. ఎర్తు కోసం ఛాసిస్ మీద పెయింటు గీకి మరీ బిగించాడు. ఆ ఓపికకి దండం పెట్టాలి.

ఇందాక వంగి రెక్కల మీద అరచెయ్యి ఆనించాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

ఫోన్ చేసి చెప్తే మేస్త్రీ ఒకటే అన్నాడు: "వానలు రాకముందే ఓపాలి రా, పైన రేకుముక్క ఎయ్యాల."