గిటార్‌లో బూమ్ తగ్గించబోయి కుర్చీ జరిపాను

మా బ్యాండ్‌లో ఇప్పటికి మిగిలింది ఇద్దరం. నేనూ, డ్రమ్స్ ప్రోగ్రామ్ చేసే మా బాబాయి కొడుకూ. గంటల లెక్కన స్టూడియోకి కట్టుకోలేక, నాలుగు పాటలు ఇంట్లోనే రికార్డు చేద్దామని కూర్చున్నాం. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్, పది బై పది గది. మొదటిరోజు ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ముందు మైకు పెట్టి వాయిస్తే పైఅంతస్తువాళ్ళు దిగి వచ్చారు. ఆ సరదా అక్కడితో తీరింది. ఆ తర్వాత గిటార్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ను కంప్యూటర్‌కి కలిపే పెట్టె), అక్కణ్ణుంచి రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి. ఆంప్ పని సాఫ్ట్‌వేర్‌ది.

ట్యూనింగ్ డ్రాప్ డీ. అంటే అన్నిటికన్నా లావు తీగను ‘ఈ’ (E) స్వరం నుంచి ‘డీ’ (D) స్వరానికి దించడం. రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క) అంతా పామ్ మ్యూట్లే: అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర ఆనించి, తీగను సగం మోగనిచ్చి కొట్టే దెబ్బలు. అవి ‘జుగ్ జుగ్’మని కోసినట్టు రావాలి. నాకేమో ఖాళీ నీళ్ళ డ్రమ్ము మీద గుద్దినట్టు బూమ్‌మని వచ్చాయి. ఎడమకొకటి, కుడికొకటి రెండుసార్లు వాయించి పెట్టేసరికి ఆ మోత కింద కిక్ డ్రమ్ వినబడకుండా పోయింది.

అందరూ చేసే పనే నేనూ చేశాను. ఈక్యూ (శబ్దంలో కావాల్సిన భాగాన్ని పెంచే, తగ్గించే పరికరం) తెరిచి, మోత ఎక్కువున్న చోటు వెతికితే 110 హెర్ట్జ్ (సెకనుకు 110 కంపనాలు) దగ్గర దొరికింది. 8 డెసిబెల్స్ కోసేశాను. గదిలో అద్భుతంగా ఉంది. మర్నాడు బావ కారులో వేస్తే గిటార్లకు ఒళ్ళే లేదు, దోమలు పాడుతున్నట్టుంది. ఇంటికొచ్చి 4 డెసిబెల్స్ తిరిగి ఇచ్చాను, మళ్ళీ బూమ్. ఇలా గదికీ కారుకీ మధ్య పది రోజులు తిరిగాను. తమ్ముడు ఒకరోజు, “అన్నా, ఇయర్‌ఫోన్స్‌లో వింటే నువ్వు చెప్పినంత బూమ్ లేదు కదా” అన్నాడు. నాకు కోపమొచ్చింది కానీ వాడన్నది నిజం.

అప్పుడు గిటార్ పక్కన పెట్టి, స్పీకర్లలో ఉత్త సైన్ టోన్ (ఒకే ఒక్క స్థాయిలో మోగే శుద్ధ శబ్దం) వేశాను. 40 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి. 110 దాటేచోట గది ఒక్కసారి మీద పడ్డట్టయింది. కుర్చీలోంచి లేచి గోడవైపు రెండడుగులు వేస్తే అదే టోన్ సగానికి సగం తగ్గిపోయింది. లెక్క వేసి చూసుకున్నాను. పది అడుగులంటే 3.05 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య నిలిచే మొదటి అల 56 హెర్ట్జ్ దగ్గర, రెండోది 112 దగ్గర. ఈ రెండోది గది నడిమధ్యన అన్నిటికన్నా గట్టిగా వినబడుతుంది, నా కుర్చీ ఉన్నది సరిగ్గా అక్కడే. పైగా శ్లాబ్ ఎత్తూ పది అడుగులే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే అంకె దగ్గర మోగుతున్నాయి. ఇంటి ఓనరు ఎంత కష్టపడి వెతికినా మిక్సింగ్‌కి ఇంతకన్నా చెడ్డ కొలతలు దొరికేవి కావు.

ఇంకో తమాషా. డ్రాప్ డీలో మూడు లావు తీగలనూ ఏ ఫ్రెట్టూ నొక్కకుండా కొడితే డీ, ఏ, పై డీ మోగుతాయి. ఆ ‘ఏ’ సరిగ్గా 110 హెర్ట్జ్. నా రిఫ్‌లో సగం ఆ మూడు స్వరాలు కలిసి మోగే కార్డే (chord). అంటే గది చేస్తున్న పాపానికి పది రోజులుగా గిటార్‌ను నరుకుతున్నాను.

కుర్చీని ఎదుటి గోడకు నాలుగడుగుల లోపుకు జరిపాను. పక్క గోడల లెక్క మారలేదు. స్టీరియో సరిగా వినాలంటే ఎడమకుడుల మధ్యలోనే కూర్చోవాలి కదా. ముందు అంగుళం మందం ఫోమ్ పలకలు అంటించి చూశాను, డబ్బు దండగ. అవి సన్నని శబ్దాలను పీల్చేసి, లావు శబ్దాన్ని అలాగే వదిలేశాయి. బూమ్ ఇంకా పెరిగినట్టే అనిపించింది. నాలుగు దూది పరుపులు చుట్టి మూలల్లో నిలబెడితే కొంచెం నయం. అసలు నిర్ణయాలన్నీ మాత్రం హెడ్‌ఫోన్స్‌లోనే తీసుకున్నాను.

ఈక్యూ అంతా తీసేసి విన్నాను. బూమ్ పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు అది పామ్ మ్యూట్లలోనే ఉంది, తీగలు తెరిచి కొట్టిన చోట లేదు. కొంత నా చేతిదే తప్పు. అరచెయ్యి బ్రిడ్జి మీంచి బాగా ముందుకు జారుతోంది. వెనక్కి లాక్కుని మళ్ళీ వాయించాను. సాఫ్ట్‌వేర్ ఆంప్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ లాంటి మోడల్ పెట్టి, డ్రైవ్ సున్నా, లెవెల్ నిండా తిప్పాను. అది కింది శబ్దాన్ని డిస్టార్షన్‌కి (ఆంప్ గిటార్‌ను గరుకుగా మార్చే చోటు) వెళ్ళకముందే సన్నబరుస్తుంది. డిస్టార్షన్‌లో నలిగి వచ్చాక కోయడం కన్నా ఇది చాలా శుభ్రం. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) కూడా తగ్గించాను. ఇది మనసుకు కొంచెం కష్టమే.

మిగిలిన దానికి మల్టీబ్యాండ్ కంప్రెసర్, అంటే శబ్దంలో ఎంచుకున్న భాగం హద్దు దాటి లేచినప్పుడు దాన్ని మాత్రమే తగ్గించేది. మెటల్ మిక్సింగ్‌లో ఇది పాత చిట్కా. బ్రిటిష్ ప్రొడ్యూసర్, 2018 నుంచి జూడాస్ ప్రీస్ట్ అనే మెటల్ బ్యాండ్‌తో స్టేజి మీద గిటార్ కూడా వాయిస్తున్న ఆండీ స్నీప్ పేరుతోనే దీన్ని చెప్పుకుంటారు. రీపర్‌తో వచ్చే రియాఎక్స్‌కాంప్ అనే మల్టీబ్యాండ్ కంప్రెసర్‌లో 80 నుంచి 240 హెర్ట్జ్ దాకా ఒక్క బ్యాండే వాడాను. పామ్ మ్యూట్ పడినప్పుడు నాలుగైదు డెసిబెల్స్ తగ్గి, తెరిచిన కార్డుకి మీటరు ముల్లు దాదాపు కదలకుండా ఉండేలా థ్రెషోల్డ్ (ఆ హద్దు) పెట్టాను. ఈక్యూ అయితే దోషం ఉన్నా లేకున్నా కోస్తూనే ఉంటుంది. ఇది మోత లేచినప్పుడే అణుస్తుంది. ఎడమ, కుడి గిటార్లకు వేరువేరుగా పెట్టాను, ఒకదాని దెబ్బకు రెండోది తగ్గకుండా.

చివర 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్, అంటే దాని కింది శబ్దాన్ని పలచబరిచే ఫిల్టర్. గిటార్‌లో కింది డీ 73 హెర్ట్జ్, దాన్ని పలచబరచాలంటే భయమేసింది. కానీ బేస్ గిటార్ డీ 36.7, దాని రెట్టింపు 73 కాబట్టి ఆ చోటు బేస్‌ది. బేస్ మ్యూట్ చేసి గిటార్ ఒక్కటే వింటే సన్నగానే ఉంటుంది, రెండూ కలిపితే గోడలా నిలబడింది.

ఆదివారం మళ్ళీ బావ కారు. ఈసారి ఆయన వాల్యూమ్ తనే పెంచి, “కిక్ ఇప్పుడు వినబడుతోందిరా” అన్నాడు. ఇంకా మూడు పాటలున్నాయి. దసరాకి అత్తవాళ్ళొస్తే మూలల్లోని ఆ నాలుగు పరుపులూ పరవాల్సి వస్తుంది, మిక్సింగ్ ఆలోపే అయిపోవాలి.