ఏలిన రాణి వేరు, ఏర్పాట్లు చూసే వంశం వేరు

పోయిన ఆదివారం మా అక్క కూతుర్ని చంద్రగిరి కోటకు తీసుకెళ్లాను. రాణీమహల్ ముందు నిలబడి "మామా, ఈ రాణి ఎన్నేళ్లు ఏలింది?" అంది. ఏలలేదమ్మా, ఇక్కడి రాణులు రాజుల భార్యలు అన్నాను. "మరి రాణి అంటారెందుకు?" అని వెంటనే ఇంకో ప్రశ్న.

చిక్కు మన మాటలోనే ఉంది. సింహాసనం ఎక్కి ఏలిన ఆమే రాణి, రాజు భార్యా రాణే. తిరుమల గుళ్లో కృష్ణదేవరాయల పక్కన చేతులు జోడించి నిలబడిన తిరుమలదేవి, చిన్నాదేవి రాజు భార్యలు. ఓరుగల్లు రుద్రమదేవి అలా కాదు, 1262 నుంచి 1289 దాకా రాజ్యం ఆమెదే, అందుకే శాసనాల్లో ఆమెను రుద్రదేవ మహారాజు అని మగ పేరుతోనే రాశారు.

బ్రిటన్‌లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది. 1952 ఫిబ్రవరి 6న తండ్రి చనిపోయినప్పుడు ఎలిజబెత్ కెన్యాలో ఉంది, ఏ కిరీటమూ పెట్టకుండానే ఆ క్షణం నుంచి ఆమె రాణి, పట్టాభిషేకం జరిగింది 1953 జూన్ 2న, అంటే దాదాపు 16 నెలల తర్వాత. ఆమె భర్త ఫిలిప్ ఎప్పుడూ రాజు కాలేదు. ఇప్పుడు చార్లెస్ భార్య కెమిల్లాను రాణి అంటున్నారు కానీ ఆమె ఏలిక కాదు.

మరి ఆ పట్టాభిషేకం ఏర్పాట్లు ఎవరు చూశారు? ఎర్ల్ మార్షల్. 1672 నుంచి ఆ పదవి నార్ఫోక్ డ్యూకుల వంశానిది. 1953లో 16వ డ్యూక్ చూశాడు, 2022 సెప్టెంబర్ 19న ఎలిజబెత్ అంత్యక్రియలూ, 2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకమూ 18వ డ్యూక్ చూశాడు. నన్ను బాగా ఆకట్టుకున్నది ఏంటంటే, వీళ్లు క్యాథలిక్కులు, పట్టాభిషేకమేమో ఆంగ్లికన్ చర్చి పద్ధతిలో జరుగుతుంది, అయినా ఆ బాధ్యత ఆ ఇంటిదే. రాజ్యం మీద మాత్రం వాళ్లకు ఏ అధికారమూ లేదు.

మా తిరుపతి వాళ్లకు ఇది చెప్పడం తేలిక. తెల్లవారుజామున సుప్రభాతానికి ముందు అర్చకుల్ని వెంటబెట్టుకుని వచ్చేది సన్నిధి గొల్ల, ఆ హక్కు ఒక వంశానికి తరతరాలుగా వచ్చింది. స్వామి స్వామే, వాకిలి దగ్గర సేవ చేసేవాళ్లు సేవకులే, కానీ ఆ సేవకు ఉన్న గౌరవం తక్కువది కాదు. మన దగ్గర 1987 చట్టంతో మిరాశీ హక్కులు, అంటే గుడి సేవల మీద వంశపారంపర్య హక్కులు, రద్దయ్యాయి, అక్కడేమో 1999లో వంశపారంపర్య ప్రభువుల్లో ఎక్కువమందిని ప్రభువుల సభ (పార్లమెంటు ఎగువ సభ) నుంచి తీసేసినా ఎర్ల్ మార్షల్ చోటు అప్పట్లో ఉంచారు.

ఇదంతా విని పాప "ఆ డ్యూక్‌కి ఆడపిల్లలే పుడితే?" అంది. 2011 అక్టోబర్ 28 తర్వాత పుట్టిన రాజకుటుంబం పిల్లల్లో ఆడా మగా తేడా లేకుండా పెద్దవాళ్లదే ముందు వరస అని 2013లో చట్టం చేశారు, నార్ఫోక్ డ్యూక్ పదవి మాత్రం ఇప్పటికీ మగవాళ్లకే వెళ్తుంది. సింహాసనం మీద ఆడపిల్ల కూర్చోవచ్చు గానీ ఆ సింహాసనం ముందు ఏర్పాట్లు చూడటానికి ఆడపిల్ల పనికిరాదా అని పాపకు నిజంగానే కోపం వచ్చింది, నాకూ అది అన్యాయంగానే అనిపించింది.