మామూలు రోజున కిల్టు

స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టి పెరుగుతున్న మా అబ్బాయి, ఇక్కడి మగవాళ్ళు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ళ వస్త్రమైన కిల్టును వేడుకలకే పరిమితం చేయకుండా మామూలు రోజుల్లోనూ వేసుకుని తిరుగుతానని కొంతకాలంగా అంటున్నాడు. స్కాటిష్ కుటుంబాల్లో సైతం ఇది అరుదైన కోరికే. ఇక్కడి మగవాళ్ళలో చాలామంది పెళ్ళికో, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ జయంతి విందుకో కిల్టును అద్దెకు తెచ్చుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేస్తారు. రోజూ వేసుకునేవాళ్ళు ఉన్నారు గానీ, వీధిలో కనిపిస్తే స్కాట్లాండువాళ్ళే ఒకసారి తలతిప్పి చూస్తారు.

ఒకప్పుడు ఇది స్కాట్లాండు ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండల్లోని పశుపాలకుల నిత్యవస్త్రం. పొడవాటి ఉన్ని గుడ్డను నడుముకు చుట్టి బెల్టు బిగించి, మిగిలినది భుజం మీద వేసుకునేవారు. రాత్రి అదే దుప్పటి. నడుము నుంచి మోకాలి దాకా ఉండే నేటి రూపం 18వ శతాబ్దంలో స్థిరపడింది. 1746లో కలోడెన్ యుద్ధంలో బ్రిటిష్ రాజు మీద తిరగబడ్డవాళ్ళు (వాళ్ళలో చాలామంది హైలాండ్స్‌వాళ్ళే) ఓడిపోయాక, సైన్యంలో ఉన్నవాళ్ళు తప్ప స్కాట్లాండులో మగవాళ్ళెవరూ ఈ హైలాండ్స్ దుస్తులు వేసుకోకూడదని పార్లమెంటు చట్టం చేసింది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, మళ్ళీ పట్టుబడితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. 1782లో ఆ చట్టాన్ని ఎత్తేశారు గానీ, ఒక తరం దాటిన అలవాటు మునుపటిలా తిరిగి రాలేదు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ దగ్గరుండి చేయించిన ఆర్భాటంతో కిల్టుకు గౌరవమైతే దక్కింది. నా దృష్టిలో మాత్రం, దాన్ని పొలం నుంచి వేదిక మీదికి తరలించింది ఆ గౌరవమే.

సంప్రదాయ కిల్టుకు దాదాపు ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. కుచ్చిళ్ళన్నీ వెనక వైపు కుట్టి ఉంటాయి, ముందు భాగం చదునుగా ఉంటుంది; కూర్చునేటప్పుడు వాటిని చేత్తో సర్దుకోవడం మావాడు ఇట్టే నేర్చుకున్నాడు. జేబులు ఉండవు కనుక నడుముకు స్పోరన్ అనే తోలుసంచి వేలాడుతుంది. రోజూ వేసుకునేవాళ్ళు ఈ బరువు తగ్గించుకుని, నూలుతోనో డెనిమ్‌తోనో జేబులు పెట్టి కుట్టినవాటిని స్వెట్టరు, బూట్లతో పాటు వేసుకుంటారు. మనకు క్లాన్ (స్కాటిష్ వంశం) లేదు కదా, ఏ టార్టాన్ (వంశానికి గుర్తుగా చెప్పుకునే గళ్ళ నేత) వేసుకోవాలని వాడు దిగులుపడ్డాడు. నిజానికి ఏది వేసుకున్నా అడ్డుచెప్పే చట్టం లేదు. 2009లో మొదలైన ప్రభుత్వ టార్టాన్ల రిజిస్టరులో ఊళ్ళ పేరిట, సంస్థల పేరిట నమోదైనవీ ఉన్నాయి.

అసలు చిక్కు మా ఇంట్లోనే వచ్చింది. "మరి నాన్న లుంగీతో చెత్తబుట్ట దాకా కూడా ఎందుకు వెళ్ళరు?" అని వాడు అడిగాడు. మా ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ లుంగీలోనే ఉంటారు, గుమ్మం దాటాలంటే మాత్రం ప్యాంటు ఎక్కాల్సిందే. తెనాలి దగ్గర మా మామగారు పొలానికీ, బ్యాంకుకీ, పెళ్ళికీ పంచెతోనే వెళ్ళేవారు. ఆయన కొడుక్కి అది పీటల మీద కూర్చున్న పూట కట్టుకునే బట్ట అయింది. దీనికి ఏ పార్లమెంటూ చట్టం చేయలేదు. మనంతట మనమే మానుకున్నాం.

వాడికి నేను ఇంకో మాట కూడా చెప్పాను. గోధుమరంగు పిల్లవాడు కిల్టు వేసుకుంటే ఈ ఊరివాళ్ళు ముచ్చటపడి పలకరిస్తారు. అదే పిల్లవాడు పంచెతో బస్సెక్కితే ఆ చూపులు వేరుగా ఉండవచ్చు, రెండూ నడుముకు చుట్టుకునే గుడ్డలే అయినా. ఈ తేడా వాడి మనసులో ఉండాలి, కానీ దానికి భయపడి దేన్నీ మానుకోనక్కరలేదు. కిల్టు కొనడానికి ఒప్పుకున్నాం, ముదురు ఆకుపచ్చ రంగు నూలుది. ఉగాదికి తండ్రీకొడుకులిద్దరూ వేడుక జరిగే హాలు దాకా పంచెల్లోనే నడవాలని ప్రస్తుతానికి ఒప్పందం; గోచీ పెట్టాలని ఆయన, అడ్డపంచె చాలని వీడు ఇంకా వాదించుకుంటున్నారు.