మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో నా మొదటి బీరు

ఇంట్లో బీరు చేసుకోవాలని ఉన్నవాళ్లు మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తోనే మొదలుపెట్టండి, నేనూ అలాగే మొదలుపెట్టాను, చాలా మంచి పని చేశాననిపిస్తోంది. మొలకెత్తిన బార్లీ నుంచి చక్కెర దింపే శ్రమంతా ముందే అయిపోయి చిక్కటి పాకంలా చేతికొస్తుంది. మనకి మిగిలేది మరిగించడం, హాప్స్ (బీరుకి చేదు, సువాసన ఇచ్చే పువ్వులు) వెయ్యడం, చల్లార్చి ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) కలపడం.

వేడినీళ్లలో ఎక్స్‌ట్రాక్ట్ పోసేటప్పుడు మాత్రం స్టవ్ ఆపెయ్యాలి, లేదంటే అడుగంటి మాడుతుంది. పూర్తిగా కరిగాక మళ్లీ వెలిగించి గంటసేపు మరిగించాను. పొంగు వచ్చే సమయంలో గిన్నె దగ్గర్నుంచి కదలకూడదు. చేదు కావాలంటే హాప్స్ మొదట్లోనే వెయ్యాలి, సువాసన కావాలంటే చివర్లో. ఆ తర్వాత 20 డిగ్రీల దాకా చల్లార్చాను. ఇక అక్కడి నుంచి బీరుకి తగిలే ప్రతి వస్తువూ శానిటైజ్ చేసి ఉండాల్సిందే, ఇందులో రాజీ లేదు.

ఈస్ట్ కలిపి మూతపెట్టాక, మర్నాడు పొద్దున ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని మూత గొట్టం) బుడగలు చూసి ఎంత సంతోషం వేసిందో! పైన మందంగా గోధుమరంగు నురగ, దగ్గరికెళ్తే బ్రెడ్ వాసన. కానీ బుడగలు ఆగాయి కదా అని సీసాల్లో నింపెయ్యకండి. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రతని బట్టి చక్కెర ఎంత మిగిలిందో చూపే పరికరం) రీడింగ్ రెండు మూడు రోజులు కదలకుండా ఉంటేనే నింపాలి, ఎందుకంటే పులియాల్సిన చక్కెర ఇంకా మిగిలుంటే గ్యాస్ ఒత్తిడికి సీసాలు పేలిపోవచ్చు. నింపేటప్పుడు సీసాలో కావలసినంత గ్యాస్ మాత్రం పుట్టేలా లీటరుకి 6 గ్రాముల పంచదార వేశాను, నురగ చక్కగా కట్టింది.

ఈసారి అదే ఎక్స్‌ట్రాక్ట్, అదే ఈస్ట్, హాప్స్ ఒక్కటే మారుస్తా. అప్పుడే రుచిలో తేడా దేనివల్ల వచ్చిందో తెలుస్తుంది.