మా పాప పిండికట్టులో ఉన్న ఆరు వారాలు

ఏప్రిల్ ఆఖరి వారం. మా స్కూలుకి వేసవి సెలవులు ఇచ్చి మూడు రోజులైంది. పొద్దున్నే అత్తయ్య వరండా కడిగారు. గేటు దగ్గర మామిడిపళ్ళ బండి అరుపు వినబడగానే పాప పరిగెత్తింది. అప్పటికి దానికి మూడేళ్ళ రెండు నెలలు. తడి గచ్చు మీద కుడికాలు జారి ఒంటి కింద మడత పడింది. అంతే. ఎత్తు మీంచి పడలేదు, దేనికీ కొట్టుకోలేదు. కానీ ఆ ఏడుపు రోజూ పడినప్పుడు ఏడ్చే ఏడుపు కాదు. ఎత్తుకోబోతే తొడ వంగకూడని చోట వంగింది. నా అరచేతికి తెలిసింది.

మా ఆయన దిండు తెచ్చి కాలి కింద పెట్టి, నా చున్నీతో కాలినీ దిండునీ కలిపి వదులుగా చుట్టారు. నిలబెట్టి చూద్దాం, నడుస్తుందేమో అని పక్కింటావిడ అంటే ఒప్పుకోలేదు. ఆ రెండూ మేము సరిగ్గా చేసిన పనులు. తప్పు నేను చేశాను. ఆటోలో దాని ఏడుపు ఆపలేక సీసాడు పాలు పట్టాను. కట్టు వేయడానికి మత్తు ఇవ్వాలి, మత్తుకి కడుపు ఖాళీగా ఉండాలి. ఆ పాల వల్ల ఆరు గంటలు ఆగాల్సి వచ్చింది. నొప్పి మందు ఇచ్చారు, కాలికి తాత్కాలికంగా చెక్క కట్టారు. అయినా ఆ ఆరు గంటలూ బిడ్డని చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నేను రాయలేను. దెబ్బ పెద్దదని అనుమానం ఉంటే దారిలో ఏమీ తాగించకండి, తినిపించకండి.

క్యాజువాలిటీలో నర్సమ్మ ముందుగా పాప కాళ్ళ వెండి పట్టీలు తీసి నా చేతిలో పెట్టింది. "వాపు వచ్చాక కత్తిరించాల్సి వస్తుందమ్మా" అంది. వాటిని పర్సులో వేసుకున్నాను.

ఎక్స్‌రేలో తొడ ఎముక మధ్యలో మెలి తిరిగినట్టు ఏటవాలుగా విరిగింది. డాక్టరు గారు ఎలా పడిందని ముందు నన్ను అడిగారు, తర్వాత మా ఆయన్ని విడిగా అడిగారు, ఆ తర్వాత అత్తయ్యని అడిగారు. అత్తయ్యకి ప్రాణం చచ్చిపోయింది. వరండా కడిగింది తనే కదా. "నన్ను అనుమానిస్తున్నారమ్మా" అని బయటికొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. చిన్నపిల్లల్లో తొడ ఎముక విరిగితే ఎవరైనా కొట్టారేమోనని డాక్టర్లు తప్పక ఆలోచించాలట. నిజంగా దెబ్బలు తినే పిల్లలు ఆ ప్రశ్నల వల్లే బయటపడతారు. అది తెలిశాక నాకు కోపం పోయింది. అత్తయ్య బాధ మాత్రం చాలా రోజులు పోలేదు.

ఈ వయసు పిల్లలకి మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు, మత్తులో ఎముక సరిచేసి స్పైకా కట్టు, అంటే నడుమునీ కాళ్ళనీ కలిపి పిండికట్టు వేస్తాం, ఆరు వారాలు పట్టొచ్చు అన్నారు. సాయంత్రం పాపని బయటికి తెచ్చేసరికి నా కాళ్ళలో సత్తువ పోయింది. ఛాతీ కింద నుంచి కుడికాలి వేళ్ళ దాకా, ఎడమకాలికి మోకాలి పైదాకా తెల్లటి పిండికట్టు. కాళ్ళు రెండూ ఎడంగా, మధ్యలో అడ్డంగా ఒక కర్ర. ఒకటికీ రెంటికీ పోవడానికి కింద ఖాళీ వదిలారు.

డాక్టరు గారు అప్పుడు ఒక మాట అన్నారు. "ఎముక సంగతి నాకు వదిలెయ్యండి, అది అతుక్కుంటుంది. మీరు చర్మాన్ని చూసుకోండి." ఆ ఆరు వారాలూ మేము పడ్డ పాట్లన్నీ ఆ రెండో మాట కోసమే.

మొదటి రెండు రోజులూ కట్టు ఆరాలి. దుప్పటి కప్పకూడదు. అరచేతులు పరిచి ఎత్తాలి, వేళ్ళతో పట్టుకుంటే పిండి సొట్ట పడి ఆ సొట్ట లోపల చర్మాన్ని నొక్కుతుంది. మధ్యలో ఉన్న కర్ర చేతికి పట్టులాగా కనిపిస్తుంది కానీ దాన్ని పట్టుకుని ఎప్పుడూ ఎత్తకూడదు, కట్టు విరుగుతుంది. ఇద్దరం కలిసి తిప్పేవాళ్ళం. పగలు రెండు గంటలకోసారి, రాత్రి మూడు నాలుగు గంటలకోసారి వెల్లకిలా, పక్కకి, బోర్లా. ఫోన్లో అలారం పెట్టుకున్నాం. గంటగంటకీ కాలి వేళ్ళు చూడమన్నారు. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్ళీ గులాబీ రంగు రావాలి. వేళ్ళు వెచ్చగా ఉండాలి, కదపమంటే కదపాలి. నీలం తిరిగినా, చల్లబడినా, మందు వేసినా ఏడుపు ఆగకపోయినా అర్ధరాత్రయినా సరే తీసుకురమ్మన్నారు.

మొదటి మూడు రాత్రులు పాప నిద్రలో ఒక్కసారిగా ఎగిరిపడి కేక పెట్టేది. తొడ కండరాలు బిగుసుకోవడం వల్ల అలా అవుతుందట. నాలుగో రాత్రికి తగ్గింది.

అసలు కష్టం మూత్రంతో. కట్టు లోపల దూది ఒక్కసారి తడిస్తే ఆరదు, చర్మం పాడవుతుంది, వాసన పట్టేస్తుంది. మేము నేర్చుకున్న పద్ధతి ఇది. అప్పుడే పుట్టిన పిల్లలకి వాడే చిన్న డైపర్‌ని చదునుగా పరిచి, కింద ఖాళీలోంచి అంచులు కట్టు లోపలికి వెళ్ళేలా ముందూ వెనకా దోపాలి. దాని పైన పెద్ద సైజు డైపర్ కట్టు చుట్టూ వేయాలి. ఆ ఖాళీ చుట్టూ అంచులకి నీళ్ళు పట్టని టేపుని చిన్న ముక్కలుగా కత్తిరించి, సగం లోపలికి సగం బయటికి, పూరేకుల్లాగా ఒకదాని మీద ఒకటి అంటించాలి. పడుకున్నప్పుడు తల వైపు కాస్త ఎత్తుగా ఉంటే మూత్రం వీపు వైపు పాకదు. డైపర్ మానేసిన పిల్లని మళ్ళీ డైపర్‌లో పెట్టడం దానికి నచ్చలేదు. "నేను పెద్దదాన్ని కదా" అనేది. అవును నాన్నా, కట్టు తీశాక మళ్ళీ బాత్రూమ్‌కే వెళ్దాం అని రోజుకి పదిసార్లు చెప్పాను.

ఇక మా గుంటూరు ఎండలు. మే నెలాఖరుకి రోహిణి కార్తె కూడా వచ్చింది. ఆ కట్టులో పిల్ల ఉడికిపోయేది. దురద మొదలైంది. ఒకరోజు నేను గదిలోకి వెళ్ళేసరికి మా ఆయన చీపురుపుల్ల తుడిచి పట్టుకుని కూర్చున్నారు, గోకుదామని. చేతిలోంచి లాక్కున్నాను. లోపల గీరుకుంటే కనపడదు, పుండవుతుంది. అత్తయ్య పౌడర్ చల్లబోయారు. అదీ వద్దన్నాను, చెమటకి ఉండకట్టి రాపిడి పెడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌ని వేడి లేకుండా చల్లగాలి మీద పెట్టి ఛాతీ దగ్గర అంచులోంచి ఊదడం, కట్టు మీద వేళ్ళతో తట్టడం, బయట ఉన్న ఎడమ పాదాన్ని నిమరడం. ఈ మూడింటితో నెట్టుకొచ్చాం. కరెంటు పోతే అత్తయ్య తాటాకు విసనకర్రతో గంటల తరబడి విసిరేవారు, చేయి మార్చుకుంటూ.

రెండో వారంలో పాప "మడమ మంట, మడమ మంట" అని సణగడం మొదలుపెట్టింది. దురదే అనుకున్నాం. మూడు రోజులు అలాగే అనుకున్నాం. మూడో రాత్రి డైపర్ మారుస్తూ పాదం దగ్గరికి వంగితే వాసన తగిలింది. మూత్రం వాసన కాదు, చెడిపోయిన వాసన. టార్చి వేసి చూస్తే మడమ దగ్గర కట్టు మీద గోధుమరంగు మరక. తెల్లవారేసరికి ఆసుపత్రిలో ఉన్నాం. అక్కడ కట్టుకి చిన్న కిటికీలాగా కోసి చూస్తే రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. వెల్లకిలా పడుకోబెట్టినప్పుడల్లా మడమ పరుపు మీద ఆని ఉండటమే కారణం. దిండు పిక్క కింద పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడాలి. ఆ చిన్న సంగతి మాకు తెలియలేదు. మాటలు వచ్చిన పిల్ల, చోటు కూడా సరిగ్గా చెప్పింది. మేమే వినలేదు. కట్టులో ఉన్న పిల్ల ఒకే చోటు మళ్ళీ మళ్ళీ చూపిస్తుంటే దాన్ని మారాం అనుకోకండి.

చుట్టాల ఫోన్లు సరేసరి. అందరిదీ ఒకటే మాట, పుత్తూరు కట్టు కట్టించమని. తరాలుగా జనం తిరుపతి దగ్గరున్న ఆ ఊరికి వెళ్తున్నారు, వాళ్ళ నమ్మకాన్ని నేను తీసిపారేయను. కానీ ఎక్స్‌రేలో సరిచూసి నిలబెట్టిన ఎముకని విప్పి, ఇంత చిన్నపిల్లని కదిలించడానికి నాకు మనసొప్పలేదు. ఎముకలకి మంచిదని మా చిన్నత్తగారు నల్లేరు కాడలు పంపిస్తే అత్తయ్య పచ్చడి చేశారు. పాప ఉత్త పప్పన్నమే తిన్నది, పచ్చడి మేము తిన్నాం. కట్టు పొట్టని నొక్కుతుంది కాబట్టి ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టాలి. కదలిక లేక మలబద్ధకం వస్తుంది. రాగిజావ, బొప్పాయి, నీళ్ళు, మజ్జిగ మరవకుండా ఇచ్చాం.

మొదట్లో వారం వారం ఎక్స్‌రే తీశారు. మొదటిది చూసి నాకు టెన్షన్ పట్టుకుంది. ఎముక ముక్కలు చివర్ల దగ్గర ఒకదాని పక్కకి ఒకటి జరిగి సెంటీమీటరు దాకా పొట్టిగా ఉంది. డాక్టరు గారు మాత్రం నిబ్బరంగా ఉన్నారు. ఈ వయసులో విరిగిన తొడ ఎముక అతుక్కున్నాక కొంతకాలం రెండోదాని కంటే వేగంగా పెరుగుతుందట. ఆ కాస్త పొట్టితనం దానంతటదే సర్దుకుంటుందట. నాలుగో వారం ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ తెల్లటి మబ్బు పట్టినట్టుంది. కొత్త ఎముక అదేనని వేలు పెట్టి చూపించారు. ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికొచ్చి అత్తయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

ఒక మధ్యాహ్నం నేను మర్చిపోలేను. పాపని బోర్లా వేసి, ఛాతీ కింద దిండు పెట్టి, ముందు పీట మీద స్టీలు గిన్నెలు పెట్టాను. వంట చేస్తున్నట్టు ఆడుకుంటూ ఆడుకుంటూ తల తిప్పి, "అమ్మా, ఇది తీసెయ్యవా, ఇంక పరిగెత్తను" అంది. పరిగెత్తినందుకు మేము శిక్ష వేశామనుకుంటోంది. నెల రోజులుగా అలాగే అనుకుంటోంది. పక్కన పడుకుని, నీ తప్పేం లేదమ్మా, కాలు లోపల బొమిక విరిగింది, అది అతుక్కోవడానికి ఈ కట్టు అని వేళ్ళు పెట్టి చూపించి చెప్పాను. గుమ్మంలో అత్తయ్య నిలబడి విన్నారు. ఆ సాయంత్రం నుంచి ఆవిడ కూడా దానికి అదే చెప్పేవారు, "నీ తప్పేం లేదే తల్లీ" అని. నేను ఒకసారి ఆవిడకీ అదే మాట చెప్పాను.

జూన్ రెండో వారంలో కట్టు తీశారు. రంపం మోతకి పాప బెదిరిపోయింది. అది గుండ్రంగా తిరిగే రంపం కాదు, అదురుతుందంతే. డాక్టరు గారు తన అరచేతికి ఆనించి చూపించినా ఏడుపు ఆగలేదు. కట్టు విడిపోగానే ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఆరు వారాలు గట్టిగా పట్టుకున్నదేదో పోయినట్టు, కాలు ముట్టుకోనివ్వలేదు. చర్మం పొట్టుపొట్టుగా, కాలు పుల్లలా ఉంది. రుద్దకుండా గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి కొబ్బరినూనె రాశాం. నడిపించడానికి తొందరపడొద్దన్నారు. వారం పాకింది, తర్వాత మంచం అంచు పట్టుకుని నిలబడింది. పన్నెండో రోజున అత్తయ్య దగ్గరికి నాలుగడుగులు వేసింది, బాగా కుంటుతూ.

మర్నాడు పర్సులోంచి పట్టీలు తీసి అత్తయ్యకిచ్చాను. ఆవిడే పెట్టారు. మడమ మీద మచ్చకి తగలకుండా కొక్కెం పక్కకి తిప్పారు. పాప వరండాలో నడుస్తుంటే వంటింట్లోకి చప్పుడు వినిపించేది, ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లగా. చూడకుండానే కుంటు ఎంతుందో తెలిసేది. జులై అంతా అలాగే వినబడింది. శ్రావణమాసం వచ్చేసరికి రెండు కాళ్ళ చప్పుడూ ఒకటే అయింది.