ఎండ పడిన వైపు

పొద్దున్నే స్టోరేజ్ నుంచి, అంటే బళ్లు అద్దెకి నిలిపే స్థలం నుంచి, మా ట్రైలర్ తీసుకొచ్చాం. బండి వెనక తగిలించుకుని వెళ్లి, లోపలే బస చేసే చిన్న ఇల్లు లాంటిది అది. డాలస్‌కి ఉత్తరాన మేముండే కాలనీలో ఇంటి ముందు ట్రైలర్ నిలిపి ఉంచకూడదు. సామాను సర్దుకోవడానికో, కడుక్కోవడానికో 48 గంటలు మాత్రం ఒప్పుకుంటారు. అందుకని ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఊరి చివర, ఆరుబయట కంకర నేల మీదే ఉంటుంది. కప్పున్న షెడ్లకి అద్దె ఎక్కువ, పైగా ఎప్పుడడిగినా ఖాళీ లేదంటారు. టెక్సస్ ఎండా, గాలీ, దుమ్మూ అన్నీ దాని నెత్తినే.

దాన్ని కడిగి, వ్యాక్స్ అనే మైనం పూత పట్టించే ఈ పనికి మార్చి మొదటి వారమే మంచిది. ఇంకొన్నాళ్లాగితే లైవ్ ఓక్ చెట్ల పుప్పొడి మొదలవుతుంది, తుడిచిన చోటే మళ్లీ పసుపుపచ్చగా పేరుకుంటుంది. ఆ వెనకే ఎండలు ముదురుతాయి. వేడెక్కిన గోడ మీద వ్యాక్స్ రాస్తే రాసినచోటే గట్టిపడి ఎంత తుడిచినా రాదు. మా ఇల్లు ఉత్తరం ముఖం కావడంతో ఈ రోజుల్లో డ్రైవ్‌వే మీద చాలాసేపు ఇంటి నీడ ఉంటుంది. నీడ జరిగేకొద్దీ మేమూ జరుగుతూ పని చేసుకున్నాం.

నాన్న తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ట్రైలర్ చుట్టూ ఒకసారి నడిచి, తలుపు వైపు గోడకి అరచెయ్యి ఆనించి తీశారు. సున్నం కొట్టిన గోడకి ఆనుకుంటే అంటుకున్నట్టు చెయ్యంతా తెల్లటి పొడి.

"ఇదేంటమ్మా, రంగు రాలిపోతోంది?"

నిజానికి అది పెయింట్ కాదు. ఫైబర్‌గ్లాస్ మీద జెల్‌కోట్ అని ఒక రెసిన్ పొర ఉంటుంది, మందం సుమారు అర మిల్లీమీటరు. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలకి ఆ పొర పైపైన కొంచెం కొంచెంగా విరిగిపోయి పొడి అవుతుంది. రెండో వైపు తీసుకెళ్లి చూపించాను. అక్కడ పొడి లేదు, మెరుపు ఇంకా ఉంది. కానీ కిటికీ కింద, అంచుల వెంట పచ్చగా సన్నటి నాచు. స్టోరేజ్‌లో మా వరసలో ట్రైలర్ల ముక్కు తూర్పుకి ఉంటుంది. అంటే తలుపున్న వైపు ఎప్పుడూ దక్షిణానికి, రెండో వైపు ఎప్పుడూ ఉత్తరానికి. ఒకదానికి ఏడాదంతా ఎండ, ఇంకోదానికి ఏడాదంతా తడి. ఒకే బండికి రెండు పక్కలా రెండు వయసులు వచ్చాయి. చూస్తే నాకు మనసు చివుక్కుమంది. రోడ్డు మీద వేల మైళ్లు తిరిగినా ఇంత అరిగి ఉండదు.

కడగడానికి గిన్నెలు తోమే లిక్విడ్ వాడాం. కార్ షాంపూ పాత వ్యాక్స్‌ని అలాగే ఉంచుతుంది, ఇవాళ మాకు పాతది మొత్తం పోవాలి. ప్రెషర్ వాషర్ మాత్రం దగ్గరికి రానివ్వను. కిటికీల చుట్టూ రబ్బరు, గోడల్లో రివెట్లు, పైన గాలి ఆడటానికి వెంట్లు ఉన్నాయి. ఆ ఒత్తిడికి నీళ్లు సందుల్లోంచి లోపలికి దూరతాయి. పొడుగు కర్ర బ్రష్షు, బకెట్, మామూలు పైపు చాలు. పై నుంచి కిందికి కారిన నల్ల చారలు కొంచెం ఓపిగ్గా రుద్దితేనే పోయాయి. పైకప్పు మీది మురికి వానకి కరిగి కారినవే ఆ చారలు, అందుకే ముందు పైకప్పు కడిగి అప్పుడు గోడలకి రావాలి. పాప నాచు వైపు తీసుకుంది. మా ఆయన చక్రాల దగ్గర కూర్చున్నారు.

మధ్యలో టీ తాగుతూ నాన్నకి వీటి పుట్టుక చెప్పాను. గుడ్డు ఆకారంలో ఉండే ఈ చిన్న ఫైబర్‌గ్లాస్ ట్రైలర్లకి తొలిరూపం 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో వచ్చిన బోలర్. దాన్ని తయారుచేసిన రే ఒలెకో అంతకుముందు ఫైబర్‌గ్లాస్‌తో సెప్టిక్ ట్యాంక్ చేసినాయన. నీళ్లు కారని ట్యాంకు చేయగలిగితే నీళ్లు దిగని ఇల్లు కూడా చేయొచ్చు కదా! పై సగం ఒక అచ్చు, కింది సగం ఒక అచ్చు, నడుం దగ్గర రెండూ కలిపేస్తారు. మూల మూలకీ అతుకులుండవు. మినెసోటాలో స్కాంప్, మా టెక్సస్‌లోనే కసీటా, అన్నీ ఆ పద్ధతివే. నాన్నకి ఈ అచ్చుల సంగతి బాగా నచ్చింది. నడుం దగ్గరి అతుకు వెంట వేలు పెట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చారు.

వ్యాక్స్ డబ్బా తెరిచే ముందు నిచ్చెనెక్కి పైకప్పు చూడటం నా అలవాటు. వ్యాక్స్ తగిలిన చోట సందులు మూసే సీలెంట్ పట్టదు, కాబట్టి అతుకుల పని ఏదున్నా ముందే తేల్చుకోవాలి. పైన వెంట్ చట్రం చుట్టూ గోరుతో మెల్లగా నొక్కుతూ వెళ్లాను. మూడు పక్కలా మెత్తగా రబ్బరులా ఉంది. దక్షిణం పక్క మాత్రం ఎండిన బంకమట్టిలో వచ్చే నెర్రె, వెంట్రుకంత సన్నగా, స్క్రూ తల దాకా. కింద నుంచి చూస్తే ఎప్పటికీ కనిపించేది కాదు. లోపలికెళ్లి సీలింగ్ తడిమాను, తడి లేదు. ఊపిరి పీల్చుకున్నాను. పాత ముక్కని ప్లాస్టిక్ గీకుడుతో తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త సీలెంట్ వేశాను. అది తనంతట తనే పరుచుకుని స్క్రూ తలల్ని కప్పేస్తుంటే చూడటం నాకెంత ఇష్టమో!

అందుకే ఈ పని డబ్బులిచ్చి వేరేవాళ్ల చేత చేయించడానికి నాకు మనసొప్పదు. వాళ్లు మెరిపిస్తారు, బాగానే మెరిపిస్తారు. కానీ ఏడాదికోసారి ఈ గోడల మీద, ఈ కప్పు మీద అంగుళం అంగుళం మన చెయ్యి తిరగాలి. ఎక్కడ వదులైంది, ఎక్కడ నెర్రె విచ్చింది అనేది తడిమితేనే తెలుస్తుంది.

ఎండ తిన్న వైపు ముందు కాంపౌండ్ అనే అరగదీసే పేస్టుతో పాలిషర్ పట్టాల్సి వచ్చింది. రెండడుగుల చదరం తీసుకుని, నెమ్మదిగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ప్యాడ్ తీసి చూస్తే తెల్లటి ముద్ద. ఆ ముద్ద జెల్‌కోట్‌దే. ఉన్నదే అర మిల్లీమీటరు, అందులోంచి మనమే కాస్త గీకేస్తున్నాం. కాంపౌండ్ మాటిమాటికీ వాడకుండా ఉండాలంటే వ్యాక్స్ ఎగ్గొట్టకూడదు. ఎండ ముందు వ్యాక్స్‌ని తినాలి, జెల్‌కోట్ దాకా రాకూడదు.

మేం వాడేది కార్నాబా వ్యాక్స్. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి తీస్తారు. అక్కడి కరువు ఎండలకి ఆకులో నీరు ఆరిపోకుండా చెట్టు తన కోసం పూసుకునే పొర అది. సహజమైన మైనాల్లో చాలా గట్టిది, కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి. పల్చగా రాసి, మసక కమ్మాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడమే. కిటికీల రబ్బరుకి తగిలితే తెల్ల మచ్చలు పడతాయని పాప ముందే నీలం టేప్ అంటించింది.

నాన్న తుడిచే పని తీసుకున్నారు. వద్దన్నా వినలేదు. తుడుస్తూ తాతయ్య ఎడ్లబండి గురించి చెప్పారు. వేసవిలో పనుల్లేక బండి ఊరికే నిలబడితే కర్ర ఎండి చక్రం చుట్టూ ఇనప పట్టా వదులయ్యేదట. అందుకని చక్రాలు నీళ్లలో నానేసేవాళ్లట, ఇరుసుకి కందెన పెట్టి, బండిని చింతచెట్టు కిందికి తోసి తాటాకులు కప్పేవాళ్లట.

"తిరిగే బండికేం కాదమ్మాయ్. నిలబడ్డ బండినే చూసుకోవాలి" అన్నారు. కొత్తగా మెరిసిన గోడలో తన ముఖం చూసుకుని గుడ్డ మడత మార్చుకున్నారు.

సాయంత్రానికి చక్రాల దగ్గర ఇంకో సంగతి తేలింది. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే తయారీ నంబరు చివర నాలుగంకెలు 2219, అంటే 2019లో 22వ వారం తయారీ. గాడి లోతుగానే ఉంది, కానీ దక్షిణం వైపు టైరుకి సన్నటి పగుళ్లు. ట్రైలర్ టైర్లు అరిగి కాదు, ఎండకి ముదిరి పోతాయి. రెండూ మార్చేస్తాం, కవర్లూ కొంటాం. ఫ్రిజ్ వెంట్‌లో కందిరీగ కట్టిన మట్టిగూడు ఉంటే మా ఆయన తీసేసి సన్న జాలీ బిగించారు.

స్టోరేజ్ మేనేజర్‌కి ఫోన్ చేసి ఎదురు వరసలో చోటేదైనా ఖాళీ అవుతుందా అని అడిగాను. అటు ట్రైలర్ల ముక్కు పడమరకి ఉంటుంది, తలుపు వైపు ఉత్తరానికి వస్తుంది. ఈ నెలాఖరుకి ఒకటి ఖాళీ అవుతుందట. మాకే ఉంచమని చెప్పాను.