మా ఫోను అయిదుసార్లు బాగైంది

నాగుల చవితి మర్నాడు, 2013 నవంబరు 8న, మా ఇంట్లో ల్యాండ్‌లైన్ మూగబోయింది. అంతకుముందు రెండు రోజులు గుర్రుమని చప్పుడు వచ్చేది, అవతలివాళ్లు బిందెలో తల పెట్టి మాట్లాడుతున్నట్టు ఉండేది. తర్వాత అదీ పోయింది.

మాది తణుకు. వీధి చివర డ్రైనేజీ కోసం పొక్లెయిన్‌తో తవ్వుతున్నారు. గుంటలో టెలిఫోన్ కేబుల్ పైతోలు గీరుకుపోయి, లోపలి రంగురంగుల తీగలు కనిపిస్తున్నాయి. ఆ గుంటలోనే మురుగు నిలిచింది. ఫోను ఎందుకు పోయిందో కనుక్కోవడానికి ఇంజినీరు అక్కర్లేదు.

ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ దేనికని అడిగినవాళ్లందరికీ అమ్మ ఒకటే చెబుతుంది. నాన్నకి చెవుడు. సెల్‌ఫోన్లో మాట తెగి తెగి వస్తుంటే ఆయనకి సగం అందదు. నల్ల రిసీవర్ చెవికి అదిమి పట్టుకుంటే మాత్రం అమెరికాలో ఉన్న అక్క మాట అక్షరం పోకుండా వినిపిస్తుంది. ఆదివారం పొద్దున్న అక్క ఫోను చేసే వేళకి ఆయన స్నానం చేసి, కుర్చీ జరుపుకుని రెడీగా కూర్చుంటారు. పైగా ఆ లైను డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే వచ్చింది. దాన్ని సరెండర్ చేద్దామంటే పొలం అమ్మేద్దామన్నట్టు చూస్తారు.

సెల్‌లోంచి కంప్లయింట్ నంబరుకి చేశాను. ఫలానా నొక్కండి, ఫలానా నొక్కండి అని తిప్పి తిప్పి చివరికి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఒకటి మెసేజ్‌లో వచ్చింది. రెండో రోజు సాయంత్రం ఇంకో మెసేజ్: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. పరుగెత్తుకెళ్లి రిసీవర్ ఎత్తాను. శవం. ఇంటికి ఎవరూ రాలేదు, వీధిలోకి కూడా ఎవరూ వచ్చిన జాడ లేదు.

మళ్లీ కంప్లయింట్, మళ్లీ పరిష్కారం. మూడోసారీ అంతే.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. గోడ క్యాలెండర్ మీద రోజూ పొద్దున్నే రిసీవర్ ఎత్తి చూసి, టోను లేకపోతే ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసేవారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన రూలు ఆయన పేపర్లో చదివి ఉన్నారు. ఫోను మూడు రోజులకి మించి బాగుకాకపోతే ఏడు రోజుల అద్దె, ఏడు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె బిల్లులో తగ్గించాలని అప్పటి రూలు. "చూడరా, మూడో రోజు దాటకుండా మూసేస్తున్నారు. మళ్లీ కంప్లయింట్ ఇస్తే మళ్లీ ఒకటో రోజు" అన్నారు. కావాలని చేశారని నేను చెప్పలేను. మొత్తం అయిదు కంప్లయింట్లలో ఒక్కటీ మూడో రోజు దాటలేదన్నది మాత్రం నిజం.

ఎక్స్ఛేంజ్‌కి వెళ్లాను. ఒకప్పుడు బిల్లు కట్టడానికి లైన్లో నిలబడిన హాలే. ఇప్పుడు ఒక కౌంటరు, ఒక మనిషి, మూలన గుట్టగా పాత ఫోన్లు. "తుపాను వస్తోందంటున్నారండి, అదయ్యాక చూద్దారండి" అన్నాడాయన.

హెలెన్ తుపాను నవంబరు 22న మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. మాకు రెండు రాత్రులు కరెంటు లేదు, సెల్‌ఫోన్లు చచ్చిపోయాయి. ల్యాండ్‌లైన్‌కి ఇంటి కరెంటుతో పనిలేదు, ఎక్స్ఛేంజ్ బ్యాటరీల నుంచే 48 వోల్టులు తీగలో వస్తాయి. అంటే ఇంట్లో పనిచెయ్యాల్సిన ఒకే ఒక్క ఫోను అది. అక్క అక్కడ నిద్ర లేకుండా కూర్చుంది, అమ్మ ఇక్కడ దీపం ముందు కూర్చుంది, మధ్యలో ఫోను గుడ్డ కప్పుకుని కూర్చుంది.

తుపాను వెలిశాక మళ్లీ వెళ్తే అదే మనిషి. "తుపానుకి పోయాయండి, ఊరంతా అంతే."

"మాది తుపానుకి రెండు వారాల ముందే పోయిందండీ."

ఆయన కంప్యూటర్ కేసి చూసి, "మీ కంప్లయింట్ నిన్నటిదే ఉందండి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు.

డిసెంబరు 3న ఎట్టకేలకు లైన్‌మ్యాన్ వచ్చాడు. ఆఫీసు పంపితే కాదు, టీ కొట్టు దగ్గర కనిపిస్తే నాన్నే పట్టుకొచ్చారు. స్తంభానికి నిచ్చెన వేసి డీపీ బాక్సు, అంటే ఇళ్లకి తీగలు పంచే పెట్టె, మూత తీశాడు. లోపల ఒక బల్లి, చీమల పుట్ట, పచ్చగా చిలుము పట్టిన స్క్రూలు. జేబులోంచి సగం విరిగిన బ్లేడు తీసి రాగి తీగ తళుక్కుమనేదాకా గీకాడు. తన టెస్ట్ ఫోను క్లిప్పులు రెండూ తగిలించి విన్నాడు. ఏమీ లేదు. నేను లైను చూద్దామని సెల్‌లోంచి మా నంబరుకి కొట్టబోతే పైనుంచి కేకేశాడు: "బాబూ, ఇప్పుడు చెయ్యకండి! తడి చేతులు, రింగొస్తే జిల్లుమంటాది!"

"పెయిరే, అంటే మీ తీగల జతే పోయిందండి మాస్టారూ, కింద జాయింట్లో నీళ్లు దిగాయి. ఖాళీ పెయిర్లు బోల్డున్నాయి, మార్చేద్దారండి." ఈ బాక్సులో పది ఇళ్లుండేవట, ఇప్పుడు మూడే మిగిలాయట. తీగల లెక్క ఏ కంప్యూటర్లోనూ లేదు, అతని చొక్కా జేబులోని నూనె మరకల చిన్న పుస్తకంలో ఉంది. అది చూసుకుని ఇక్కడ తీగ మార్చాడు, ఎక్స్ఛేంజ్‌కి ఫోను చేసి అక్కడ జంపర్, అంటే ఆ జతని మా నంబరుకి కలిపే తీగ, మార్చమన్నాడు. అరగంట పని. ఇరవై అయిదు రోజుల తర్వాత డయల్ టోను వచ్చింది. నాన్న రిసీవర్ దించకుండా చాలాసేపు విన్నారు.

సాయంత్రం ఫోను మోగింది. నాన్నే ఎత్తారు. "లేయర్ మేత బస్తా ఎంతండీ?" అని ఎవరో. రాంగ్ నంబరన్నారు. పది నిమిషాలకి ఇంకొకరు, నూక కావాలట. జంపర్ ఎవరిదో కోళ్ల దాణా కొట్టు నంబరుకి తగిలించారు. నాలుగో ఫోనుకి నాన్న విసుగు మానేసి, "ఎన్ని కోళ్లున్నాయి మీకు?" అని మాటల్లో పడ్డారు. మర్నాడు మధ్యాహ్నానికి సరిచేశారు.

బిల్లు వచ్చింది. పూర్తి అద్దె వేశారు. ఒక్క పైసా తగ్గలేదు, వాళ్ల రికార్డులో మా ఫోను అయిదుసార్లు చెడి అయిదుసార్లు బాగైంది మరి. నాన్న ఏమీ అనకుండా క్యాలెండర్ గోడ మీంచి దింపి, చుట్టి చంకలో పెట్టుకుని ఎక్స్ఛేంజ్‌కి బయల్దేరారు. నేను బండి మీద దింపాను. పెద్దాఫీసరు నవంబరు పేజీ తిప్పి, డిసెంబరు పేజీ తిప్పి, ఎర్రగీతలు వేలితో లెక్కబెట్టి, కాసేపు ఆలోచించి అన్నారు: "దీనికో జిరాక్స్ తెచ్చి అర్జీకి జత చెయ్యండి మాస్టారూ."

క్యాలెండర్ పట్టే జిరాక్స్ మిషను తణుకులో దొరకలేదు. నాలుగు ముక్కలుగా తీయించి, అమ్మ మైదా ఉడికించి ఇస్తే అతికించాం.

తర్వాతి బిల్లులో నెల అద్దె తగ్గింది.